ఏదో ఈడుస్తున్నామండీ

మా మడకవరం పురపాలక సంఘంలో కుక్కలెన్ని ఉన్నాయో ఒకసారి లెక్క తీశారు. కొళాయిలెన్ని ఉన్నాయో రెండుసార్లు తీశారు, రెండుసార్లూ వేరువేరు అంకెలొచ్చాయి. ఆనందం ఎంత ఉందో మాత్రం నిరుడు ఆషాఢం దాకా ఎవరూ తీయలేదు. ఆ లోటు తీర్చే భాగ్యం నాకు దక్కింది.

నా పేరు భైరవమూర్తి. జనన మరణాల సెక్షన్లో పంతొమ్మిదేళ్ళుగా గుమస్తాను. మనుషులు ఈ ఊళ్ళోకి రావడం, ఈ లోకం విడిచి పోవడం రెండూ నా రిజిస్టర్ గుండానే జరుగుతాయి. మధ్యలో వాళ్ళేం చేస్తారన్నది నా సెక్షన్ కాదు.

ఆషాఢంలో జిల్లా నుంచి ఒక ఉత్తర్వు దిగింది. పనిని ఇష్టపడేవాడు ఎక్కువ పని చేస్తాడని ఎవరో పెద్దలు ఎక్కడో కనిపెట్టారట. కాబట్టి ప్రతి పట్టణంలోనూ నూటికి అరవైమంది తమ తమ వృత్తుల్లో ఆనందంగా ఉండవలెను, లేనిచో కారణములు తెలుపవలెను. ఇందుకోసం వృత్త్యానంద విభాగమని కొత్తగా ఒకటి వెలిసింది. దానికి ప్రత్యేకాధికారిగా హయగ్రీవరావుగారు వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన నాలుక మీద ఫైలు భాష పేరుకుపోయింది. కాఫీ తాగుతారా అంటే "సానుకూలంగా పరిశీలించవచ్చును" అంటారు.

మా కమిషనర్‌గారు హాలంతా కలయజూసి, అందరికన్నా తక్కువ గొడవ చేసేవాణ్ణి నేనేనని తేల్చి, నన్ను గణకుడిగా వేశారు. చేతికి ఏడో నంబరు ఫారాల కట్ట ఇచ్చారు. అందులో రెండే ప్రశ్నలు. ఒకటి: మీ వృత్తి మీకెలా ఉన్నది? రెండు: మీ దృష్టిలో ఏ వృత్తివారు హాయిగా ఉన్నారు?

"ప్రజలు పలికినది పలికినట్లు, అక్షరం పొల్లు పోకుండా లిఖించవలెను. గణకుడు స్వంత తెలివిని వినియోగించరాదు" అన్నారు హయగ్రీవరావుగారు. ఆ ముక్క ఉత్తర్వులో కూడా ఉంది. స్వంత తెలివి వాడొద్దని రాతపూర్వకంగా అందుకోవడం నాకదే మొదటిసారి. నోటిమాటగా మాత్రం ఇంట్లో రోజూ అందుతూనే ఉంటుంది.

మొదట మెయిన్‌రోడ్డు మీద మిఠాయికొట్టుకి వెళ్ళాను. ఈగ వాలడానికి కూడా చోటు లేనంత జనం. వాళ్ళ భుజాల మీదుగా మెడ సాచి, వ్యాపారం ఎలా ఉందండీ అని అడిగాను. కొట్టాయన పొట్లం కట్టడం ఆపకుండా, ఏముందండీ, ఈగలు తోలుకుంటున్నాం అన్నాడు. రాసుకున్నాను. పక్క సందులో డాక్టరుగారి వరండాలో నలభైమంది బెంచీల మీద మూలుగుతున్నారు. ఆయన స్టెతస్కోపు చెవిలోంచి తీసి, ఈ మధ్య ఎవరికీ జబ్బులే రావట్లేదయ్యా అని విచారించారు. రాసుకున్నాను. చేపల బజారులో ఒకావిడ ఖాళీ బుట్టలు నాలుగు బోర్లించి, వాటి మీద కూర్చుని కిళ్ళీ వేసుకుంటోంది. పొద్దుట్నించి బోణీ కాలేదు నాయనా అంది. అదీ రాసుకున్నాను.

మా ఊళ్ళో బాగున్నామని ఎవరూ అనరు. అన్నామంటే విన్నవాడి కళ్ళు పడతాయి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని చిన్నప్పుడే ఉగ్గుపాలతో పోసేస్తారు. అందుకని కొట్టు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, నోటిమాటకి ఏడుపు కట్టుకుని బతుకుతారు. ఈ సంగతి నీకు తెలియదా అని మీరడగొచ్చు. తెలుసు. ఫారంలో దానికి గడి లేదు.

రెండో ప్రశ్నకి మాత్రం ఎవరూ తడుముకోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి కదా. మిఠాయి కొట్టాయన హైస్కూలు మేష్టర్లదే హాయన్నాడు. మేష్టరు మిఠాయి కొట్టువాడిదే హాయన్నాడు. డాక్టరుగారు కాసేపు ఆలోచించి, సినిమాహాలు గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాడి అదృష్టం ఎవరికొస్తుందయ్యా అన్నారు.

ఆ వరసలో పాత బస్టాండు వెనక, కాలవ గట్టు మీద నూకరాజు పాకకి వెళ్ళాను. నూకరాజు సైకిళ్ళకీ, స్కూటర్లకీ పంక్చర్లు వేస్తాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న కూడా అక్కడే, అదే నీళ్ళతొట్టి ముందు కూర్చుని వేసేవాడు. ఆ రోజు దారిలో నా స్కూటరుకే పంక్చరు పడింది కాబట్టి, ఒక పంథాన రెండు పనులు కానిచ్చేద్దామనుకున్నాను.

ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, చుట్టూ తిప్పుతూ వచ్చాడు. ఒకచోట సన్నగా బుడగలు వరసకట్టి పైకి వచ్చాయి. వాటిని చూసి నూకరాజు మొహం విచ్చుకుంది. బియ్యంలో రాయి ఏరి పారేసిన ఇల్లాలి మొహంలా ఉంది. పని ఎలా ఉంది నూకరాజూ అన్నాను ఫారం తీసి.

ఆ మొహం చటుక్కున ముడుచుకుపోయింది. "ఏముంది బాబూ, ఏదో ఇలా ఈడుస్తున్నామండి" అన్నాడు. ఎవరిది హాయి అంటే, మీదేనండి ఆయ్, ఫ్యాను కింద కూకుని సంతకాలేసుకోడం అన్నాడు.

ఉద్యోగులు కూడా ఫారాలు నింపాలన్నారు కనుక అక్కడే, అతను ప్యాచీ అంటిస్తుండగా, నా ఫారం నేను నింపుకున్నాను. నా వృత్తి నాకెలా ఉన్నది? ఏదో ఈడుస్తున్నాను. ఎవరిది హాయి? పై అధికారి లేని పంక్చరు కొట్టువాడిది. ఒక్క తేడా చెప్పాలి. ఊరంతా దిష్టికి భయపడి ఆ మాట అన్నారు. నేను నిజంగానే ఈడుస్తున్నాను. పంతొమ్మిదేళ్ళుగా నా బల్ల మీద కాగితాలు వచ్చి పడుతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఆ పనంటే నాకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు.

మూడువేల రెండువందల పన్నెండు ఫారాలు నింపితే, ఆనందంగా ఉన్నానన్నవాడు ఒక్కడు తేలాడు. లైబ్రరీ మెట్ల మీద కూర్చునే పుల్లయ్య. ఏం పనయ్యా నీది అంటే, ఏం లేదన్నాడు. ఎలా ఉందయ్యా అంటే, చాలా బాగుందన్నాడు. పోయేదేమీ లేనివాడికి దిష్టి భయం ఎందుకుంటుంది?

నివేదిక చదువుతూ హయగ్రీవరావుగారు కళ్ళజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నారు. ఇంతటి విషాదం ఇన్నాళ్ళు పురపాలక సంఘం దృష్టికి రాకపోవడం శోచనీయమన్నారు. కమిషనర్‌గారు వరదలొచ్చినప్పుడు పెట్టే మొహం పెట్టారు. ఆ ఒక్క పుల్లయ్య మాటేమిటని ఎవరో అడిగితే హయగ్రీవరావుగారు, అతడి పద్ధతిని అందరికీ విస్తరింపజేయు అవకాశమును తదుపరి దశలో పరిశీలించెదమన్నారు. తక్షణ చర్యగా మాత్రం వృత్తి పరివర్తన పథకం ప్రకటించారు. ఎవరు ఎవరిని చూసి హాయి అన్నారో, వారికి ఆ హాయిని ఒక నెలపాటు సమకూర్చుట. నచ్చితే శాశ్వతం చేయుట. ఈ లోపల ఎవరైనా దొంగతనంగా తమ పాత పని చేస్తే అది వృత్త్యతిక్రమణ, శిక్షార్హం.

మొదటి జాబితాలో రెండువందలమంది పేర్లు వచ్చాయి. మిఠాయి కొట్టాయన హైస్కూల్లో లెక్కల మేష్టరయ్యాడు. మొదటిరోజే పిల్లలందరికీ లడ్డూలతో భాగహారం నేర్పాడని, రెండోరోజు పక్క ఊరి పిల్లలు కూడా వచ్చారని విన్నాను. లెక్కల మేష్టరు జిలేబీ చుట్టడానికి కూర్చున్నాడు. ఒక్కొక్కటీ వృత్తలేఖినితో గీసినట్టు వచ్చేది గానీ, గంటకి నాలుగే వచ్చేవి. డాక్టరుగారు సినిమాహాలు గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ నాలుక చూసి టిక్కెట్టు చింపారు. గేటతను ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ చట్టపరమైన ఇబ్బంది ఉందని, అతడు మందులు రాయరాదు, ధైర్యం మాత్రం చెప్పవచ్చునని సవరణ తెచ్చారు. నెలాఖరుకి సగంమందికి నయమైందని చెప్పుకున్నారు. అందులో నిజమెంతో డాక్టరుగారు ఇప్పటికీ మాట్లాడరు.

జాబితాలో డెబ్భై మూడో నంబరు పలివెల నూకరాజు. ఫ్యాను కింద కూర్చోవలెను. డెబ్భై నాలుగో నంబరు నేను.

పంక్చరు వేయడంలో ఏముందనుకునేవాణ్ణి. మొదటి వారంలో ఉన్న చిల్లు కనపడక, ఇనప చువ్వతో టైరు ఊడదీయబోయి కొత్తవి మూడు పొడిచాను. తొట్టిలో ముంచితే నాకు అన్నివైపుల నుంచీ బుడగలు కనిపించేవి. సైకిళ్ళవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చుని, నా వంక చూసి, మనకెందుకులే అన్నట్టు కాలవలోకి చూసేవాళ్ళు. పై అధికారి లేడనుకున్నాను గానీ, వచ్చిన ప్రతివాడూ పై అధికారే.

నాలుగోనాడు నూకరాజు భార్య నాగరత్నం వచ్చింది. చేతిలో ఎప్పుడూ ఉండే గుడ్డసంచి. నా చేతుల వంక చూసి నిట్టూర్చింది. ఆయనకి అన్నం సయించట్లేదని చెప్పింది. పొద్దున్నే లేచి అరచేతులు చూసుకుంటున్నాడట. తెల్లగా ఉన్నాయి, ఎవరివో చేతుల్లా ఉన్నాయి అంటున్నాడట.

"అంత ఇష్టమైతే ఆ మాట చెప్పొచ్చు కదమ్మా. నా పని నాకు ఆనందంగా ఉంది అని రాసిస్తే మినహాయింపు ఉంది" అన్నాను.

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట మా ఇంట్లో అనకూడదండి. మా మావగారు ఓసారి, ఎవరో అడిగితే, నాకేంట్రా మారాజునన్నాడంట. మూడోనాడు ఈ పాక మీద తుమ్మచెట్టు పడ్డాది. ఎనిమిదోనాడు ఆయన కాలిరిగిపోయింది. ఆ కాలితోనే పోయాడండి. అప్పటికి ఈయనకి పదకొండేళ్ళు. ఆ మాట ఈయన నోట్లోంచి రాదండి, ఊపిరి పోయినా రాదు."

రెండువందలమందినీ నేనే కదా ఫారంలో ఎక్కించింది. స్వంత తెలివి వాడొద్దన్నారు సరే. సిగ్గు కూడా వాడొద్దని ఎవరూ అనలేదు.

అక్కడ మా ఆఫీసులో మరో రకం గొడవ నడుస్తోంది. నూకరాజు నా కుర్చీలో కూర్చున్న రెండోనాడు ఒక ముసలావిడ వచ్చిందట. ఆవిడ భర్త పోయి అయిదు నెలలైంది, మరణ ధ్రువపత్రం కోసం పదకొండోసారి వచ్చింది. పదిసార్లు నేనే తిప్పి పంపాను. నూకరాజు ఆ ఫైలు తీసి, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా వేలు పెట్టి తిప్పుకుంటూ వచ్చాడట. ఒకచోట సంతకం లేదు. ఫైలు పట్టుకుని నేరుగా ఆ సంతకం పెట్టవలసినాయన బల్ల దగ్గరకి వెళ్ళి, పెట్టేదాకా నిలబడ్డాడట. గంటలో కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఇదేమిటయ్యా, ఒక పద్ధతీ పాడూ లేదా అని సూపరింటెండెంటు కోప్పడితే, ఆగిపోయి వచ్చినోణ్ణి నడిపించి పంపాలి గదండీ అన్నాడట. ఇరవై రోజుల్లో నా బల్ల మీద గుట్టంతా పోయి చెక్క బయటపడింది. ఆ బల్ల గోధుమరంగుదని నాకప్పుడే తెలిసింది.

ఇంత చేసినా అతనికి ఆ పని రుచించలేదు. భోజనాల వేళ కిటికీలోంచి కాలవ గట్టు వంక చూసేవాడు. ఒక మధ్యాహ్నం నేనొక సైకిలు ట్యూబుతో యుద్ధం చేస్తుంటే, ఇక తట్టుకోలేక వచ్చేశాడు. అటూ ఇటూ చూసి, పంచె పైకి చెక్కి, తొట్టి ముందు కూర్చున్నాడు.

"నీళ్ళు తరవాత బాబూ. ముందు చెంప దగ్గర పెట్టుకోండి. గాలి తగుల్తది. అది పిలుస్తదండి, మనం వినాలంతే."

పెట్టుకున్నాను. తగిలింది. పసిపిల్ల ఊపిరంత గాలి, చెవి కింద. నాకు నవ్వొచ్చింది. ఏదో పట్టుబడ్డ ఆనందం, పంతొమ్మిదేళ్ళలో నేనెరగనిది. అతను ట్యూబు అందుకుని ముంచాడు. బుడగలు వచ్చాయి. ఆ విచ్చుకున్న మొహం మళ్ళీ చూశాను. సరిగ్గా అప్పుడే వృత్త్యతిక్రమణ నిఘాబృందం జీపు మా ముందు ఆగింది.

విచారణ శుక్రవారం పెట్టారు. నియమం ప్రకారం నూకరాజుకి రెండే దారులు. తన పాత వృత్తి తనకు ఆనందంగా ఉందని అధికారి ఎదుట నోటితో చెప్పి, సంతకం పెట్టి, కొట్టు తిరిగి తీసుకోవచ్చు. చెప్పకపోతే లైసెన్సు శాశ్వతంగా రద్దు. పాక తీసేసి ఆ జాగాలో ఆనంద ఉద్యానవనం వేస్తారు, నమూనా పటం అప్పటికే హాల్లో తగిలించారు.

ఈ పథకంలో మొదటి ఫారం రాసినవాణ్ణి నేనే కాబట్టి విచారణ రాయడానికి నన్నే పిలిచారు. హాలు నిండా జనం. నాగరత్నం ముందు వరసలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. అందులో నిమ్మకాయలూ, ఎండుమిరపకాయలూ, రాళ్ళుప్పూ ఉన్నాయని నాతో చెప్పింది. ఆయన ఆ మాట అన్న మరుక్షణం దిష్టి తీసెయ్యాలని తెచ్చిందట. అంటాడా అంటే, తల అడ్డంగా ఊపింది.

హయగ్రీవరావుగారు గొంతు సవరించుకున్నారు. "పలివెల నూకరాజు. నీ పూర్వవృత్తి యందు నీకు ఆనందము కలదా, లేదా? కలదని ఒక్క మాట పలికిన యెడల ఈ విచారణ ఇంతటితో ముగియును."

నూకరాజు నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. చెమట పట్టింది. నాగరత్నం ఒక నిమ్మకాయ తీసి పట్టుకుంది. అతను భార్య వంక చూశాడు, కిటికీలోంచి కాలవ గట్టు వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మాట రాలేదు. ఆ మాటతో అతని తండ్రి కాలు విరిగింది. అతను కొట్టు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ, కొట్టుకి దిష్టి తగలనివ్వడానికి సిద్ధపడలేదు.

"అభ్యర్థి మౌనమును..." అని హయగ్రీవరావుగారు మొదలుపెట్టారు.

అప్పుడు నేను లేచాను. విచారణ ఫారంలో మొట్టమొదట విచారణాధికారిగారి వివరాలు నింపాలని, అవి ఖాళీగా ఉంటే విచారణ చెల్లదని మనవి చేసుకున్నాను. ఆ ఫారం ఏడో నంబరు ఫారాన్ని చూసి అచ్చు వేయించినది. పేరు, హోదా తరవాత అవే రెండు ప్రశ్నలు అందులోనూ ఉండిపోయాయి, ఎవరూ కొట్టేయలేదు. కావాలని చేశావా అని మీరడగొచ్చు. ఫారంలో గడి ఉంది.

త్వరగా కానివ్వమన్నారాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. పేరు రాసుకున్నాను, హోదా రాసుకున్నాను. "తమరి వృత్తి తమకెలా ఉందండీ?" అన్నాను.

"ఏముందయ్యా, ఏదో ఈడుస్తున్నాం" అన్నారు హయగ్రీవరావుగారు.

నేను రాసుకున్నాను. ఎవరిది హాయండీ అని అడిగాను. ఆయన ఇంకా కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. ఎదురుగా మసగ్గా కనపడుతున్న నూకరాజుని చూపించి, ఇదిగో, ఇతనికేం, తిన్నాడా పడుకున్నాడా అన్నారు. రాసుకున్నాను. ఆ తరవాత కళ్ళజోడు పెట్టుకుని, నా కలం వంక చూశారు.

అది వ్రాయవలదన్నారు. అక్షరం పొల్లు పోకూడదని తమరి ఉత్తర్వే ఉందండీ అన్నాను. కమిషనర్‌గారు నియమావళి తిరగేసి, నాలుగో క్లాజు ప్రకారం ప్రత్యేకాధికారిగారిని సోమవారం నుంచి కాలవ గట్టు మీద పంక్చరు కొట్టుకి బదిలీ చేయవలసి ఉంటుందని, అందుకు తాము చింతిస్తున్నామని తెలిపారు.

నూకరాజుకి జాలేసింది. "కంగారుపడకండి బాబూ, నేను నేర్పుతానండి. చెంప దగ్గర పెట్టుకోడమే" అన్నాడు.

హయగ్రీవరావుగారు కుర్చీలో ముందుకు వంగారు. ముప్పై ఏళ్ళుగా పేరుకున్న ఫైలు భాష ఎటుపోయిందో, మామూలు మనిషి గొంతు వచ్చింది. "అది కాదయ్యా మూర్తీ. నాకీ ఉద్యోగమంటే ప్రాణం. పొద్దున్నే లేచి ఉత్తర్వు రాయకపోతే నాకు తోచదు. ఊరికే అలా అన్నానంతే. బాగుందని అనకూడదని చిన్నప్పుడు మా అమ్మ..."

అక్కడ ఆగిపోయారు. నూకరాజు తల ఊపాడు. నాగరత్నం తల ఊపింది. హాల్లో ఉన్న అందరూ, కమిషనర్‌గారితో సహా, తలలు ఊపారు. విచారణ సాంకేతిక కారణాల వల్ల వాయిదా పడింది.

తరవాతి వారం సవరణ ఉత్తర్వు వచ్చింది. అందులో ఇలా ఉంది: "ఈడుస్తున్నాం, ఈగలు తోలుకుంటున్నాం, బోణీ లేదు, అంతంత మాత్రం మున్నగు జవాబులను ఇకమీదట పరమానందముగా పరిగణించవలెను. చాలా బాగున్నది అను జవాబును తీవ్ర వేదనగా పరిగణించి, సదరు వ్యక్తికి తక్షణ సహాయము అందించవలెను." తప్పు జరిగిందని ఎక్కడా లేదు. తప్పు జరిగిందని ఒప్పుకునే ఫారం ఇంకా అచ్చు కాలేదు.

పాత ఫారాలే మళ్ళీ లెక్కపెడితే మడకవరంలో మూడువేల రెండువందల పదకొండుమంది పరమానందంలో ఉన్నారని తేలింది. జిల్లాలో ఇంత ఆనందం మరెక్కడా లేదని మాకు షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకుంటూ, ఎలా సాధించారని అడిగితే, కమిషనర్‌గారు ఏదో మీ దయ, అలా నెట్టుకొస్తున్నాం అన్నారు. తీవ్ర వేదనలో ఉన్న ఒకే ఒక్క పుల్లయ్యకి తక్షణ సహాయంగా ఉద్యోగం ఇచ్చారు. వచ్చే సర్వేకి గణకుడు అతనే. మొన్న లైబ్రరీ మెట్ల దగ్గర కనిపించి, ఫారాల కట్ట మోస్తూ, ఎలా ఉందయ్యా అంటే ఏదో ఈడుస్తున్నానన్నాడు. అతను నిజంగానే అన్నాడని నా అనుమానం.

ఎవరి పనుల్లోకి వాళ్ళు తిరిగి వచ్చారు. జిలేబీలు మళ్ళీ వంకర తిరిగాయి. నూకరాజు పాకకి కొత్త గుమ్మడికాయ కట్టారు. నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చుంటే ఎదురుగా ఆ గోధుమరంగు బల్ల. దాని మీద మళ్ళీ గుట్ట పేర్చడానికి ఎందుకో చెయ్యి రాలేదు. ఒకాయన పుట్టిన తేదీ కాగితం కోసం వచ్చాడు. ఫైలు తీసి, మొదటి కాగితం నుంచి వేలు పెట్టి తిప్పుకుంటూ వచ్చాను. ఎక్కడ కారుతోందో దొరికింది. ఆయన కాగితం పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంటే కిటికీలోంచి చూశాను. నాకు సంతోషం వేసింది. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా కాస్త భయంగానే ఉంది.

పోయిన నెల నాగరత్నం వచ్చింది, మనవరాలి జనన ధ్రువపత్రం కోసం. మర్నాటికి రమ్మంటాననుకుని వచ్చిందట. ఉండమ్మా అని కూర్చోబెట్టి, గంటలో కాగితం చేతిలో పెట్టాను. ఆవిడ నా బల్ల వంక చూసింది, నా మొహం వంక చూసింది.

"ఉద్యోగం ఎలా ఉంది బాబూ?" అంది.

"ఏముందమ్మా, ఏదో ఈడుస్తున్నాను" అన్నాను.

ఆవిడ గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, ఒక నిమ్మకాయ తీసి నా ఫైలు మీద పెట్టి వెళ్ళింది.